వాసిలీ కాండిన్‌స్కీ

వాసిలీ కాండిన్‌స్కీ (డిసెంబరు 16, 1866 - డిసెంబరు 13, 1944) రష్యాలో జన్మించిన సుప్రసిద్ధ చిత్రకారుడు, కళాసిద్ధాంతవేత్త. భావావేశానికి పెద్దపీట వేసిన ఎక్స్‌ప్రెషనిజం ఉద్యమంలో ప్రముఖుడు. నైరూప్య చిత్రకళకు బాట వేసినవారిలో ఒకడు. సంగీతం వలెనే చిత్రం కూడా వస్తువును అనుకరించకుండా మనసును కదిలించగలదని ఈయన విశ్వాసం.

బాల్యం, విద్య

మాస్కోలో జన్మించిన కాండిన్‌స్కీ ఒడెస్సా నగరంలో పెరిగాడు. చిన్ననాడే పియానో, చెల్లో వాద్యాలు అభ్యసించాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం చదివాడు. ఆ నగరంలో జరిగిన ఒక ప్రదర్శనలో క్లాడ్ మోనే గీసిన గడ్డివామి చిత్రం చూసి, అది గడ్డివామి అని మొదట పోల్చుకోలేకపోయాడు. అయినా ఆ రంగులు ఆయన మనసులో నిలిచిపోయాయి. వాగ్నర్ సంగీత నాటకం 'లోహెంగ్రిన్' వింటున్నప్పుడు స్వరాలు రంగులై కనబడినట్లు అనుభూతి పొందాడు. 1896లో వచ్చిన ఆచార్య పదవిని కాదని, ముప్ఫై ఏళ్ళ వయసులో చిత్రకళ నేర్చుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్ నగరం చేరాడు.

సంగీతం, చిత్రకళ

1911 జనవరి 2న మ్యూనిక్‌లో ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ కచేరీ విని, వెంటనే 'కచేరీ' అనే చిత్రాన్ని గీశాడు. అందులో పియానో ఒక నల్లని ఆకృతి. శ్రోతలు వంగిన గీతలు. చిత్రాన్ని ముంచెత్తే పసుపు రంగే సంగీతం. ఇక్కడ రూపం పూర్తిగా పోలేదు, పూర్తిగా నిలువనూ లేదు. మన రాగాలాపనలో సాహిత్యం లేకున్నా భావం శ్రోతకు అందుతుంది. కాండిన్‌స్కీ రంగులతో సాధించదలచినది అటువంటిదే.

అదే ఏడాది ఫ్రాంజ్ మార్క్‌తో కలిసి 'నీలి రౌతు' బృందాన్ని స్థాపించాడు. సంగీత పరిభాషను అనుసరించి తన చిత్రాలలో కొన్నింటికి 'ఇంప్రొవైజేషన్', 'కాంపొజిషన్' అని పేర్లు పెట్టాడు. మొదటివి అప్పటికప్పుడు మనసులో పుట్టినవి, రెండవవి దీర్ఘకాలం సిద్ధపడి గీసినవి. 1913 నాటి 'కాంపొజిషన్ 7' సుమారు 2 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు గల చిత్రం.

బౌహౌస్, చివరి దశ

1922లో జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. ఆ డిసెంబరులో కలకత్తాలో జరిగిన బౌహౌస్ ప్రదర్శనలో ఈయన చిత్రాలు కూడా ఉన్నాయి. 1928లో ముసోర్గ్‌స్కీ పియానో రచన 'ప్రదర్శనలో చిత్రాలు'కు రంగాలంకరణ చేసి డెస్సౌ నగరంలో ప్రదర్శించాడు. చిత్రాలను చూసి పుట్టిన సంగీతం ఆ విధంగా మళ్ళీ చిత్రమయింది.

1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడగా, కాండిన్‌స్కీ ఫ్రాన్సు చేరాడు. 1937లో నాజీలు 'పతనమైన కళ' పేరిట జరిపిన ప్రదర్శనలో ఈయన చిత్రాలను కూడా అవహేళన చేశారు. 1944లో పారిస్ సమీపంలోని నెయ్యీలో మరణించాడు.

పూర్వ సహచరి, చిత్రకారిణి గాబ్రియెలా ముంటర్ ఈయన తొలి చిత్రాలను మూర్నావ్ గ్రామంలోని తన ఇంటి నేలమాళిగలో దాచి కాపాడింది. 1957లో వాటిని మ్యూనిక్ నగరానికి చెందిన లెన్‌బాఖ్‌హౌస్ ప్రదర్శనశాలకు అప్పగించింది. 'కచేరీ' చిత్రం అక్కడే ఉంది.