ఆక్స్‌ఫర్డులో తమిళ, తెలుగు గురువు: డాక్టర్ జి. యు. పోప్

దక్షిణ దేశపు సంఘాలలో డాక్టర్ పోప్‌గారి పేరు విననివారు తక్కువ. తమిళులు ఆయనను తమవాడిగానే చెప్పుకుంటారు. 1968లో ప్రపంచ తమిళ మహాసభ సందర్భమున మద్రాసు మెరీనా తీరాన ఆయన విగ్రహము నిలిపారు. అయితే ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆయన తమిళముతో పాటు తెలుగుకు కూడా అధ్యాపకులన్న సంగతి మనవారికే అంతగా తెలియదు.

జార్జి అగ్లో పోప్ 1820 ఏప్రిల్ 24న కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో జన్మించి, ఇంగ్లండులో పెరిగారు. పందొమ్మిదేళ్ళ ప్రాయమున, 1839లో, వెస్లియన్ మిషనెరీగా మన దేశమునకు వచ్చి, కొద్దికాలానికే ఆంగ్లికన్ సంఘములో చేరారు. తిరునెల్వేలి సీమలోని సాయర్‌పురములో గురుకులము నడిపి, తమిళ బాలురకు గ్రీకు, లాటిను, హెబ్రీ భాషలు నేర్పారు. బెత్తము విషయములో దొరగారు కఠినులేనని పేరు, దానిని దాచనక్కరలేదు. తరువాత తంజావూరు, ఉదకమండలము, బెంగుళూరులలోనూ ఆయన పని బడులతోనే సాగింది.

దాదాపు నలభై ఏళ్ళు ఇక్కడ గడిపి స్వదేశము చేరాక, 1884లో ఆక్స్‌ఫర్డులో అధ్యాపక పదవి లభించింది. ఆయన ఎదుట కూర్చున్న యువకులు మద్రాసు రాజధానికి సివిల్ సర్వీసు ఉద్యోగులుగా రానున్నవారు. రైతు అర్జీ చదవడానికి, కచ్చేరీలో సాక్షి మాట అర్థము చేసుకోవడానికి సరిపడే భాష వస్తే సర్కారుకు చాలు. పోప్‌గారికి అది చాలలేదు. తాము పాలించబోయే ప్రజలు దేనిని గొప్పగా తలుస్తారో, దేనికి కన్నీరు కారుస్తారో తెలియాలంటే వారి కావ్యములు చదవాలని ఆయన నమ్మకము. అందుకే 1886లో 1330 ద్విపదల తిరుక్కురళ్, 1893లో 400 పద్యముల జైన నీతి గ్రంథము నాలడియార్ వెలువరించారు. కేవలము ఇంగ్లీషు అనువాదముతో సరిపెట్టలేదు. మూలము, అనువాదము, వివరణ, పదకోశము ఒకే సంపుటములో కూర్చారు. ఇంగ్లీషు చదివి పక్కన పెట్టేవాడికి కాక, మూలముతో కుస్తీ పట్టే విద్యార్థికి చేసిన ఏర్పాటు అది.

ఆయన చూపులో లోపము లేకపోలేదు. వళ్ళువరు మైలాపూరులో క్రైస్తవ బోధకుల మాటలు విని ఉంటారని కురళ్ పీఠికలో ఊహించారు. ఆ ఊహకు ఆధారము లేదు. నేటి పండితులు దానిని అంగీకరించరు. ఇతరుల గ్రంథములో మనకు నచ్చిన మాట కనబడగానే అది మన ఇంటినుండే వెళ్ళిందనుకోవడము సులభము. మనలో కూడా ఈ అలవాటు పోలేదని నా భయము.

తరువాతి గ్రంథములో ఆయన ఇంకా లోతుకు దిగారు. అది మాణిక్కవాచకరు శివునిపై పాడిన తిరువాచకము. ముసలితనములో ఒక పాదిరిగారికి శైవ భక్తి గీతాలతో పనేమిటని ఎవరికైనా తోచవచ్చు. ఆయన గురుత్వము విడువలేదు. బేలియల్ కళాశాల చాప్లెనుగా ఆరాధనలు జరిపిస్తూనే ఆ పాటలు తర్జుమా చేశారు. వేరొకరి భక్తిని లోపలినుండి ఎరగకుండా ఆ ప్రజలను ఎరిగితిమనడము ఆయనకు ఇష్టము లేదు. ఈ పనికి పురికొల్పినది ఆ కళాశాల పెద్ద జోవెట్‌గారు. ప్లేటోను ఇంగ్లీషు చేసిన పండితుడాయన. ఒక సాయంత్రము పోప్‌గారు తనకు వయసు మీరిందని, అంత పని ముగించేలోపు ఏమవుతానో అని సందేహించగా, పెద్ద పని చేతిలో ఉండడమే దీర్ఘాయువని, అది ముగిసేదాకా బ్రతుకుతావని జోవెట్ ధైర్యము చెప్పారు. ఆ జోవెట్ 1893లో కన్నుమూశారు. పోప్‌గారు మాత్రము 1900 ఏప్రిల్ 24న, తమ ఎనభయ్యవ పుట్టినరోజున, ఆ గ్రంథమునకు పీఠిక వ్రాసి సంతకము చేశారు.

తెలుగు కావ్యమునకు మాత్రము అటువంటి సంపుటము ఆయన చేతిమీదుగా రాలేదు. వేమనకు బ్రౌను దొర 1829లోనే కొంత ఆ సేవ చేశారు గాని, పోతనకు ఒక పోప్ దొరకలేదు.

1908 ఫిబ్రవరి 11న ఆయన ఆక్స్‌ఫర్డులో మరణించారు. అక్కడి సెయింట్ సెపల్కర్ సమాధుల తోటలో ఆయన రాయి ఉంది. దానిని నిలిపినవారిలో కుటుంబముతో పాటు దక్షిణ దేశములోని తమిళ మిత్రులు కూడా ఉన్నారు.