యల్లాప్రగడ సుబ్బారావు: నెత్తుటిని ప్రశ్నించిన ఆంధ్రుడు

వైద్యకళాశాలలలో జీవరసాయనశాస్త్రము చదువువారికి ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యని యొక పాఠము కలదు. గాజునాళికలో నీలివర్ణము పొడసూపును. అది యెంత గాఢముగా నున్నదో చూచి నెత్తుటిలో భాస్వరమెంత గలదో గణింతురు. ఆ జంటపేరులో రెండవది గోదావరి మండలమున పుట్టిన తెలుగువానిదని యెరిగి చదువువారు కొందరే. ఇందు విద్యార్థుల దోషమేమియు లేదు. పరీక్షలో అడుగునది పద్ధతి, దానిని కనుగొన్నవాని కథను ఎవరును అడుగరు. అయినను ఆ కథ వినదగినది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని యిల్లు విడిచి పోవుచుండగా పట్టి తెచ్చిరట. రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పిమ్మట సన్న్యసింప దలచి రామకృష్ణ మఠము నాశ్రయింపగా, వైద్యము చదివి లోకమునకు సేవచేయుట మేలని వారు హితవు చెప్పిరి. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి ద్రవ్యసహాయమున మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. అచట గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డునకు ఆగ్రహము కలిగెను. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను.

వారి జీవితమునకు దారి చూపినది యీ పట్టము కాదు, ఒక వ్యాధి. దాని పేరు స్ప్రూ. మన వైద్యులు గ్రహణి యనుదానికి దగ్గరిది. నాలుక పుండగును, విరేచనములు ఆగవు, తిన్న అన్నము ఒంటబట్టదు, మనిషి పాలిపోయి శుష్కించును. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్ది దినముల యెడముతో ఈ వ్యాధికి బలియైరి. తామును దీని వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. తరువాత మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి. ఆనాటి వైద్యుడు స్ప్రూరోగి నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో ఎర్రకణములు తక్కువగాను, ఉన్నవి పరిమాణమున పెద్దవిగాను కనబడెడివి. ఏదో కొరవడినదని తెలియుచుండెను. కొరవడినదేదో చెప్పగలవారు ప్రపంచమున ఎవరును లేకుండిరి.

1922 అక్టోబరులో వారు బోస్టను నగరము చేరిరి. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు ప్రయాణమునకు తోడ్పడిరి. హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదువుచు, రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు మోసి పొట్టపోసుకొనిరి. డాక్టరు పట్టము పొందిన వ్యక్తి ఆ పని చేయుటకు సిగ్గుపడలేదని వ్రాయుట సులభము. ఆ రాత్రులు ఎట్లు గడచినవో వారికే తెలియును.

తరువాత జీవరసాయన విభాగమున సైరస్ ఫిస్కెకు సహాయకులైరి. అప్పటికి భాస్వరము కొలుచు విధానములు శ్రమతో కూడినవి, నమ్మరానివి. 1925లో ఫిస్కె, సుబ్బారావుగార్లు తమ పద్ధతిని ప్రకటించిరి. నెత్తుటినుండి మాంసకృత్తులను ఆమ్లముతో విరిచి తొలగింపవలెను. మిగిలిన ద్రవమునకు మాలిబ్డేటు చేర్చినచో అందలి ఫాస్ఫేటు దానితో కలియును. ఆ సంయోగమును తగిన మరియొక ద్రవ్యముతో క్షయకరింపగా నీలము పుట్టును. తెలిసిన పాళ్లలో భాస్వరమున్న ద్రవముయొక్క నీలముతో దీనిని పోల్చి చూచినచో లెక్క తేలును. దీని ప్రయోజనము రికెట్స్ వ్యాధియందు స్పష్టము. డి విటమిన్ చాలక ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోవు శిశువుల నెత్తుటిలో భాస్వరము తగ్గునని బాల్టిమోరులో హౌలాండు, క్రేమరు 1921లోనే చూపియుండిరి. ఇక ఏ ఆసుపత్రియైనను కొలది నెత్తురుతో ఆ సంగతి కనుగొనగలిగెను. అయితే శరీరమందలి భాస్వరములో నూటికి 85 పాళ్లు ఎముకలలోను దంతములలోను ఉండును. కావున నెత్తురు చెప్పు సంఖ్యను చదువుటకు వైద్యుని వివేకము కూడ కావలెను.

ఆ నీలమే మరియొక మర్మము విప్పినది. కండరపు రసమును పరీక్షించుచుండగా వర్ణము ఒక్కసారిగా రాక, నెమ్మదిగా ముదురుచుండెను. మరియొకరైనచో కొలతలో పొరపాటనుకొని పారబోయుదురేమో. ఫాస్ఫేటును బిగబట్టి కొంచెము కొంచెముగా విడుచు పదార్థము కండరమున కలదని వీరు గ్రహించిరి. అదియే 1927లో ప్రకటింపబడిన ఫాస్ఫోక్రియేటిన్. 1929లో జీవకణముల శక్తికి నాణెము వంటిదగు ఏ.టి.పి. వెలుగు చూచెను. 1930లో పిహెచ్.డి. వచ్చెను. హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి మాత్రము రాలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులో లెడర్లీ ప్రయోగశాలకు వెడలిపోయిరి.

ఇచట కథ బొంబాయికి మరలవలసియున్నది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు ఆ నగరపు మిల్లు కార్మిక కుటుంబములలోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించుటకు వచ్చెను. వారి ఎర్రకణములును స్ప్రూరోగులవలె పెద్దవై యుండెను. ఈస్టుసారము తినిపింపగా వారు కోలుకొనిరి. 1931లో ఆమె యీ సంగతి ప్రకటించెను. ఈస్టులో ఏ ద్రవ్యము గుణమిచ్చినదో తెలియలేదు. 1941లో టెక్సాసులోని శాస్త్రజ్ఞులు పాలకూర ఆకులనుండి ఒక సారము తీసి, ఆకు అను అర్థము వచ్చు లాటినుపదముతో ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లెడర్లీలో సుబ్బారావుగారి విభాగమున స్టాక్‌స్టాడ్ మున్నగువారు కాలేయమునుండి దానిని శుద్ధముగా తీసిరి. ఈ పోషకము లేనిదే పెరుగజాలని లాక్టోబాసిల్లస్ కేసీ అను సూక్ష్మజీవియే వారికి త్రాసు. 1945లో ఆమ్లమును కృత్రిమముగా నిర్మించినట్లు ప్రకటించిన వ్యాసముపై 16 పేర్లుండగా, సుబ్బారావుగారిది వానిలో నొకటి. టామ్ స్పైస్ అమెరికాలోను క్యూబాలోను రోగుల కిచ్చి చూచెను. కొన్ని దినములలోనే నెత్తుటిలో లేత ఎర్రకణములు గుంపులుగా పుట్టుకొని వచ్చెను. స్ప్రూరోగులు లేచి అన్నము తినిరి. సోదరులకు దొరకని మందు సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చినది.

తరువాత వైద్యులు అదే సూక్ష్మజీవిచే రోగి నెత్తుటిలోని ఫోలేటును కొలుచుట నేర్చిరి. నెత్తుటిద్రవమున దొరకు ఫోలేటు ఇటీవలి భోజనమును మాత్రమే తెలుపును. ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును గనుక, దానియందలి ఫోలేటు గడచిన నెలల నిలువను తెలుపును. మరియొక మెలకువ కలదు. బి-12 విటమిన్ లోపించినవానికి ఫోలిక్ ఆమ్లము విస్తారముగా ఇచ్చినచో నెత్తురు బాగుపడినట్లు కనబడును, లోపల నరములు చెడుచునే యుండును. అందుచేత వైద్యులు రెంటిని కలిపి పరీక్షింతురు.

వారి తక్కిన పనులను ఒక్కమాటలో చెప్పి విడుచుట న్యాయము కాదు గాని చోటు లేదు. బోదకాలు మందు హెట్రజాన్, ఫోలిక్ ఆమ్లమునకు విరోధులై పసిపిల్లల రక్తక్యాన్సరుపై ఫార్బరు 1948లో ప్రయోగఫలము ప్రకటించిన ఔషధములు ఆ ప్రయోగశాలనుండియే వచ్చెను. ఇల్లు మాత్రము దూరమయ్యెను. వారు దేశము విడిచిన తరువాత పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. భార్య శేషగిరిగారు ఎదురు చూచుచు నుండిపోయిరి. వారు మరల స్వదేశము చూడలేదు. 1948 ఆగష్టున ఒక రాత్రి నిద్రలోనే ప్రాణము విడిచిరి. వయస్సు 53.

ఉష్ణదేశపు స్ప్రూకు నేడు వైద్యులు ముఖ్యముగా ఇచ్చునవి ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. ఈ రెండవదాని కుటుంబమున జ్యేష్ఠమైనది ఆరియోమైసిన్. దానిని వృద్ధశాస్త్రజ్ఞుడు డగ్గరు కనుగొన్నదియు సుబ్బారావుగారి విభాగముననే.