టికెట్ అడిగిన వాలంటీర్



మీ పాప స్కూల్ వార్షికోత్సవంలో వాలంటీర్ బ్యాడ్జీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడిందనుకోండి. పాస్ లేనివారిని లోపలికి పంపవద్దని టీచర్ చెప్పారు. అంతలో ఊళ్లో పేరున్న పెద్దమనిషి ఒకరు పాస్ లేకుండా వచ్చారు. పాప ఆపేసింది. అప్పుడు మీరు ఎవరి పక్షాన నిలబడతారు? జవాబు చెప్పేముందు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ ఒకసారి చదవండి.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పద్నాలుగేళ్ల దుర్గాబాయిని ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీర్‌గా నిలబెట్టారు. టికెట్ లేనిదే ఎవరినీ పంపకూడదన్నది ఆమెకు అప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడినా తగ్గలేదు. తనకు చెప్పిన పనే తాను చేస్తున్నానంది. చివరికి టికెట్ కొన్నాకే ఆయన్ను లోపలికి వెళ్లనిచ్చింది. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, ఆమె నిక్కచ్చితనాన్ని మెచ్చుకున్నారు.

ఈ సంఘటనలో పిల్ల ధైర్యం అందరికీ కనిపిస్తుంది. నిర్వాహకుల తడబాటు కూడా గమనించండి. నియమం పెట్టింది వాళ్లే, పెద్దవారు రాగానే సడలించబోయిందీ వాళ్లే. జీతం లేకుండా పనిచేసేవారికి దక్కేది గౌరవం ఒక్కటే. అప్పగించిన పనిలో వారి మాట చెల్లకపోతే ఆ గౌరవమూ పోతుంది. మర్నాడు వారు రారు.

దుర్గాబాయి 1909లో పుట్టారు. చిన్న వయసులోనే బడి మానేసి, తోటి ఆడవారికి హిందీ నేర్పారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన మాటలు దేవదాసీలు కూడా వినాలని పట్టుబట్టారు. అందుకు 5,000 రూపాయలు విరాళంగా ఇవ్వాలన్నారు నిర్వాహకులు. ఆ పన్నెండేళ్ల పిల్ల వారితో కలిసి ఆ సొమ్ము పోగుచేసింది. సభ జరిగింది. ఎవరి కోసం పనిచేస్తున్నామో వారినే పనిలో భాగస్వాములను చేయడం ఆమెకు అప్పుడే అబ్బింది.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. బయటికి వచ్చాక, మానేసిన చదువును మళ్లీ మొదలుపెట్టి మెట్రిక్ నుంచి ఎం.ఏ. దాకా, ఆపైన న్యాయశాస్త్రం దాకా చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను అక్కడ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసేవారు. ఆమె తాను నడిచిన దారినే ఇతరులకు బాటగా వేశారు. ఆ సభ ఆ తర్వాత హైదరాబాదుకూ విస్తరించి విద్య, వైద్య సంస్థలు నడిపింది.

రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా పనిచేసిన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ప్రభుత్వం డబ్బు ఇవ్వగలదు గానీ, గడప గడపకూ వెళ్లి మనసు పెట్టి పనిచేసేది స్వచ్ఛంద సంస్థలేనని ఆమె నమ్మకం. అందుకే ఆ సంస్థలకు గ్రాంట్లు అందించే ఏర్పాటు బోర్డు ద్వారా జరిగింది. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981లో కన్నుమూశారు.

మీలో చాలామంది అపార్ట్‌మెంట్ సంఘాల్లోనో, రక్తదాన శిబిరాల్లోనో బాధ్యతలు చూస్తుంటారు. ఈసారి వాలంటీర్లను పిలిచినప్పుడు మూడు పనులు చేసి చూడండి. ఎవరి పని ఏమిటో ముందే స్పష్టంగా చెప్పండి. ఆ పనిలో వారి మాటే చెల్లనివ్వండి. పొరపాటు జరిగితే నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పండి.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. గేటు దగ్గర మీ పాప ఆపిన మనిషి మీ బాస్ కావచ్చు, మీ బంధువు కావచ్చు. ఆ మాటకొస్తే, పాస్ ఇంట్లో మరిచిపోయి వచ్చిన మీరే కావచ్చు. వెనక్కి వెళ్లి పాస్ తెచ్చుకోండి. అది మీ పాప ఎప్పటికీ మరిచిపోని పాఠం అవుతుంది.