కారు వైపరు కనిపెట్టిన మేరీ ఆండర్సన్

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని సంపాదక మిత్రులు కోరారు. నాయకులను, కవులను గురించి ఎలాగూ ఇతర సభ్యులు రాస్తారు గనుక నేను కారు వైపరుకు పేటెంటు పొందిన మేరీ ఆండర్సన్ గారిని ఎంచుకున్నాను. ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళమీద నోట్లు రాసిన గుమాస్తాను కావడంచేత, ఆ పరికరం కన్నా ఆమె కాగితానికి పట్టిన గతే నన్ను ఎక్కువగా ఆకర్షించింది.

ఆమె 1866లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జన్మించారు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. 1889లో తల్లితో, తోబుట్టువుతో బర్మింగ్‌హామ్ నగరం చేరి, అక్కడ అద్దెకిచ్చే వాటాల భవనం కట్టించారు. 1893 నుంచి అయిదేళ్ళు కాలిఫోర్నియాలో పశువులను మేపించి, ద్రాక్షతోట సాగు చేయించి తిరిగివచ్చారు. వివాహం చేసుకోలేదు. ఇంజనీరు అసలే కారు.

1902 చలికాలంలో ఆమె న్యూయార్కు వెళ్ళి ట్రాము ఎక్కారు. బయట మంచుతో కలిసిన వాన. ముందు అద్దం మూస్తే డ్రైవరుకు దారి కనిపించదు, తెరిస్తే ఆ చలిగాలి అతని ముఖానికే కాక లోపలి ప్రయాణికులకూ కొడుతుంది. ఆ ఊరివారికి అది అలవాటైపోయింది. ఈవిడకు మాత్రం అద్దాన్ని లోపలినుంచే తుడిచే ఉపాయం తోచింది. ఇంటికి వచ్చి నమూనా గీసి తయారు చేయించారు. 1903 నవంబరు 10న 743801 నంబరుతో పేటెంటు మంజూరయింది.

లోపల ఒక పిడి, బయట రబ్బరు తొడిగిన చేయి. పిడి తిప్పితే చేయి అద్దంమీద కదిలి, స్ప్రింగు బలంతో వెనక్కు వస్తుంది. వానలు లేని రోజుల్లో ఊడదీసి లోపల పెట్టుకోవచ్చు.

ఇప్పటి కార్లలో మోటారు వచ్చిందేగాని రబ్బరు, స్ప్రింగు అవే. మన ఎండలకు రబ్బరు గట్టిపడి, జూన్ తొలివానకు కీచుమంటూ అద్దంమీద చారలు మిగులుస్తుంది. అందుచేత వానలకు ముందే తడిగుడ్డతో దాని అంచు తుడిచి, పగుళ్ళుంటే మార్చాలి. దుమ్ము పట్టిన పొడి అద్దంమీద వైపరు వేస్తే గీతలు పడతాయి. మార్చేటప్పుడు అద్దంమీద మడతపెట్టిన తువ్వాలు పరచడం మరువకండి. రబ్బరు భాగం తీసేసిన చేయి స్ప్రింగు ఊపుతో వచ్చి కొడితే అద్దమే పగులుతుంది. రెండు వైపుల పొడవులు వేరుగా ఉండవచ్చు. మా అబ్బాయి కారుకు నేను టేపుతో కొలిచిన తరువాతే కొనిపిస్తాను.

ఇక ఆమె కాగితం సంగతి. 1905లో కెనడాలోని ఒక సంస్థకు హక్కులు అమ్మజూపితే, వ్యాపారానికి తగిన విలువ లేదని తిప్పి పంపారు. ఆ జవాబు రాసినవారిని పూర్తిగా తప్పుపట్టలేను. అప్పటికి కార్లే తక్కువ. ఫోర్డువారి మోడల్ టి వచ్చింది 1908లో. కాని ఫైలు మూసేటప్పుడు, పదేళ్ళు పోయాక దీని అవసరం ఏమిటి అన్న ప్రశ్నకు ఏ ఆఫీసు నోటులోనూ చోటుండదు, ఇది నేను చూసిందే.

పేటెంటు గడువు 17 ఏళ్ళు. 1920లో తీరిపోయింది. 1922లో కాడిలాక్ కంపెనీ తన కార్లన్నిటికీ వైపర్లు అమర్చడం మొదలుపెట్టింది. ఆమెకు దక్కింది సున్న. బకాయిల ఉత్తర్వు వచ్చేనాటికి మనిషే లేకపోవడం మన సభ్యుల కుటుంబాలకు కొత్త కాదు. ఇక్కడ మనిషి ఉన్నారు, హక్కు లేదు.

1917లో షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ అనే మరో మహిళ కరెంటుతో నడిచే వైపరుకు పేటెంటు తీసుకున్నారు. ఆవిడకూ డబ్బు రాలేదు.

మేరీ గారు బర్మింగ్‌హామ్‌లోని ఆ వాటాల అజమాయిషీ చూసుకుంటూ, వీధిలో పోయే ప్రతి కారుకూ వైపర్లు ఉండే రోజులు చూసి, 1953 జూన్‌లో 87వ ఏట మరణించారు. అమెరికావారు తమ జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో ఆమె పేరు చేర్చింది 2011లో.