తొలి విమానానికి ఇంజిన్ చేసిన సైకిల్ మెకానిక్‌

తొలి విమానం అనగానే రైట్ సోదరులు గుర్తొస్తారు. మరి దాని ఇంజిన్ ఎవరు తయారుచేశారని అడిగితే? చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆయన చార్లీ టేలర్‌. ఇంజినీరింగ్ పట్టా లేదు. బడి చదువే పన్నెండేళ్లకు ఆగిపోయింది.

1868లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పుట్టిన టేలర్‌ ఒక పత్రికాఫీసులో చిన్నాచితకా పనులతో మొదలుపెట్టి, మెల్లగా యంత్రాల పని పట్టుకున్నారు. 1901లో డేటన్‌లోని రైట్ సోదరుల సైకిల్ షాపులో చేరారు. జీతం వారానికి 18 డాలర్లు. అన్నదమ్ములు గ్లైడర్ ప్రయోగాలకు కిటీహాక్‌ వెళితే షాపు చూసుకోవడం ఆయన పని.

1902 చివరికి గ్లైడర్ అదుపులోకి వచ్చింది. ఇక కావాల్సింది ఇంజిన్‌. శక్తి 8 హార్స్‌పవర్ ఉండాలి, బరువు 90 కిలోలు మించకూడదు. కార్ల కంపెనీలకు ఉత్తరాలు రాస్తే లాభం లేకపోయింది. దాంతో పని టేలర్ మీద పడింది. పెట్రోల్ ఇంజిన్‌తో ఆయన అనుభవమా? అంతకుముందు ఒక కారు ఇంజిన్‌ బాగుచేయబోవడం, అంతే!

షాపులో ఉన్నవి లేత్‌, డ్రిల్ ప్రెస్‌, చేతి పనిముట్లు. పద్ధతైన డ్రాయింగులు లేవు. ఒక్కో భాగాన్ని చిత్తుకాగితం మీద గీసుకోవడం, దాన్ని పనిబల్ల దగ్గర గుచ్చుకుని చేయడం. క్రాంక్‌షాఫ్ట్ కోసం దళసరి ఉక్కు పలక మీద ఆకారం గీసి, గీత పొడవునా రంధ్రాలు వేశారు. సుత్తి, ఉలితో అదనపు ఉక్కును కొట్టేసి, మిగిలినదాన్ని లేత్‌పై నునుపు చేశారు. బరువు తగ్గాలని క్రాంక్‌కేసును అల్యూమినియంతో పోత పోయించారు. కార్బ్యురేటర్ లేదు, స్పార్క్‌ ప్లగ్గులూ లేవు. అలా నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆరు వారాల్లో సిద్ధమైంది.

1903 ఫిబ్రవరిలో నడిపి చూశారు. రెండో రోజే బేరింగులు పట్టేసి క్రాంక్‌కేసు పగిలింది. కొత్త పోత వచ్చేసరికి ఏప్రిల్‌ అయింది. ఈసారి ఇంజిన్ సుమారు 12 హార్స్‌పవర్ ఇచ్చింది. అడిగినదానికి ఒకటిన్నర రెట్లు! డిసెంబరు 17న అదే ఇంజిన్‌ విమానాన్ని గాల్లోకి లేపింది. మొదట 12 సెకన్లు, నాలుగోసారి 59 సెకన్లు. ఆ సమయానికి టేలర్‌ డేటన్‌లో షాపు చూసుకుంటున్నారు.

తర్వాతి జీవితం సాఫీగా సాగలేదు. కాలిఫోర్నియాలో భూమి మీద పెట్టిన డబ్బు పోయింది. లాస్‌ ఏంజెలెస్‌లో ఓ విమానాల ఫ్యాక్టరీలో గంటకు 37 సెంట్లకు పనిచేశారు. చివర్లో ఆస్పత్రి ధర్మవార్డులో ఉన్నారని తెలిసి, విమానరంగంవాళ్లు చందాలు వేసుకుని మంచిచోటికి మార్చారు. 1956లో, 87వ ఏట కన్నుమూశారు.

నేడు అమెరికాలో యాభై ఏళ్లు విమానాల మరమ్మతులో గడిపిన మెకానిక్‌లకు ఇచ్చే ప్రభుత్వ పురస్కారం ఆయన పేరిటే ఉంది. ఆయన పుట్టినరోజు మే 24 అక్కడ విమాన మెకానిక్‌ల దినోత్సవం. మన దేశంలో ఈ వృత్తికి డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ లైసెన్సు కావాలి. కాలం మారింది కాబట్టి టేలర్‌లా చదువు ఆపేస్తే కుదరదు. కానీ వర్క్‌షాప్‌లో లేత్‌ ముట్టుకోకుండానే సెమిస్టర్లు దాటేస్తే, ఇంటర్వ్యూలో పని గురించి అడిగినప్పుడు చెప్పడానికి ఏముంటుంది?