వైతాళికుడు భాగ్యరెడ్డి వర్మ

పూర్వపు నైజాం రాష్ట్రంలోని సంఘ సంస్కరణ చరిత్రను వ్రాయబూనినవారు సాధారణంగా 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సభతో కథ ప్రారంభిస్తారు. స్త్రీ విద్యకై జీవితమంతా ధారపోసిన మహారాష్ట్ర పండితుడు కర్వే ఆ సభకు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది అక్కడ తెలుగున మాట్లాడబోగా కొందరు అల్లరి చేసి మాట్లాడనీయలేదు. (ఆ ఇంటిపేరు వినగానే మా వికారాబాదు వారికి ఊరినంటియున్న ఆలంపల్లి జ్ఞప్తికి రాక మానదు.) ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టినది. ఇది అందరెరిగిన కథ; అసత్యమూ కాదు. కాని అంతకు పదునైదేండ్ల ముందే, 1906లో, అదే నగరంలో పదునెనిమిదేండ్ల యువకుడొకడు అంతకంటె లోతైన అవమానానికి మందు వెదకుచు ‘జగన్మిత్ర మండలి’ అనే చిన్న సంఘాన్ని నెలకొల్పినాడు. అతడు మాలవాడలో పుట్టినవాడగుటచేత కాబోలు, చాలాకాలం మన చరిత్రకారులు ఆ తేదీని అంతగా పట్టించుకొనలేదు.

ఆ యువకుని పేరు మాదరి భాగయ్య. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. జననం 1888 మే 22. ఇంటికి వచ్చిపోయే కులగురువు ఒకరు ఆ బాలుని పేరును భాగ్యరెడ్డి అని మార్చినారని చెప్పుదురు. దానికి ఆయన చూపిన కారణం ఆలోచింపదగినది. రేడు అనగా ప్రభువు. ఆర్యులు రాకమునుపు ఈ నేలకు ప్రభువులై యుండినవారు మీ పూర్వులే. కావున ఆ పేరు మీకు చెల్లునని ఆయన వాదన. పిమ్మట 1913లో ఆర్యసమాజం వారు వర్మ అనే బిరుదమిచ్చినారు. ఈ విధంగా ఒక్క మనిషి పేరులోనే మూడు కథలు చేరినవి: పుట్టిన వాడ ఇచ్చిన పేరొకటి, పోగొట్టుకొన్న రాజ్యాన్ని తలపించేది ఒకటి, పైకులాల సంస్కర్తలు మెచ్చి ఇచ్చినది ఇంకొకటి. ఆయన జీవితమంతయు ఈ మూడింటి నడుమ జరిగిన సంఘర్షణయే అని నా అభిప్రాయం.

బీదతనం వలన చదువు సాగలేదు. డాస్ శాంటాస్ అనే బారిస్టరు ఇంట పనికి కుదిరి, అక్కడనే లోకజ్ఞానం, పుస్తక పరిచయం గడించినారు. ఏ కళాశాలా ఇవ్వలేని చదువు అది. జగన్మిత్ర మండలి తొలుత చేసిన పని ఉపన్యాసాలు కాదు, హరికథలు, భజనలు. చదువురాని జనానికి సంగతి చెప్పవలెనంటే కథ కంటె మంచి త్రోవ లేదని ఆయన గ్రహించినారు. రాత్రిపూట వాడలోని రచ్చకట్ట దగ్గర కథ. కథ నడుమ కల్లు మానుమని, పసిపిల్లలకు పెండ్లిండ్లు చేయవద్దని, దేవర పేరిట జంతుబలి కూడదని బోధ. 1911లో ఇదే మాన్యసంఘమైనది. పేరును గమనింపుడు: ఎవరిని లోకం అమాన్యులన్నదో వారు పెట్టుకొన్న పేరది.

పాఠశాలల పని 1910లో ఇసామియా బజారులో మొదలైనది. రాజభాష ఉర్దూ, చదువంటే ఉర్దూ చదువే అనే కాలమది. అప్పుడాయన తమ వాడల పిల్లలకు తెలుగున చదువు చెప్పించినారు. 1933-34 నాటికి ఇట్టివి 26 పాఠశాలలు, సుమారు 2,500 మంది విద్యార్థులు. తెలంగాణంలో తెలుగు చదువు చరిత్ర వ్రాసేటప్పుడు ఈ సంఖ్యను విడిచిపెట్టుట న్యాయం కాదు. తెలుగు వాచకశిక్షణ ముప్పది ఏండ్లుగా వృత్తిగా గలవాడను గనుక ఈ మాట కొంచెం గట్టిగా చెప్పుచున్నాను.

ఇక స్త్రీల విషయం. మా వికారాబాదు, తాండూరు ప్రాంతం నుండి చూచినప్పుడు వర్మగారి జీవితంలో అన్నిటికంటె మిన్నగా కనిపించేది జోగిని దురాచారం మీద ఆయన సాగించిన పోరాటం. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనివి. కన్నడ సీమలో బసవి, జోగతి అని, మరాఠీ వారిలో మురళి అని, ఇక్కడ జోగిని అని పేర్లు వేరైనను ఆచారం ఒక్కటే. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. లేదా పంట పోతుంది. అమ్మవారికి కోపం వచ్చినదంటారు. మాల మాదిగ ఇండ్లలోని ఒక ఆడపిల్లను, ఇంకా ఊహ తెలియనిదానిని, పోచమ్మకో ఎల్లమ్మకో ముడిపెడతారు. ఆ పిల్లకు పెండ్లి లేదు. దేవతకు భార్య అన్నమాట పేరుకే. ఊరిలో బలిమి గలవారికి లోకువ. జాతరలో ఆడవలెను, పీనుగుల ముందు ఆడవలెను. అంటరానిదని పగలు దూరం పెట్టినవారికే రాత్రి ఆ అంటు అడ్డం రాదు. ఆమెకు పుట్టిన బిడ్డలకు తండ్రి పేరుండదు. బడిలో పేరు వ్రాయించేటప్పుడు పంతులు తండ్రి పేరేమని అడుగుతాడు. తల్లి తల వంచుకొంటుంది. కులభేదం, స్త్రీపీడనం రెండు వేరు సమస్యలని పుస్తకాలలో వేరువేరు ప్రకరణాలు వ్రాసుకొంటాము గాని, జోగిని బ్రతుకులో ఆ రెంటినీ విడదీసి చూపగలవారెవరు?

వర్మగారు దీనిని రెండు వైపుల నుండి ఎదుర్కొనినారు. పైకులాల ఔద్ధత్యాన్ని ఖండించుట ఒకటి. తమవారినే నిలదీయుట రెండవది; ఇది కష్టతరమైనది. పిల్లను ముడిపెట్టేది ఊరి పెద్ద ఒత్తిడిచేతనే అయినా, తాంబూలమిచ్చేది తల్లిదండ్రులు. తంతు జరిపించేది కులంలోని పెద్దలు. కావుననే ఆయన 1919లో తమ కులాల పౌరోహిత్యం చేసే జంగాలు, దాసులు మొదలైనవారిని సమావేశపరచినారు. తంతు జరిపేవారు ఒప్పనిదే తంతు ఆగదనే ఎరుక అందులో కలదు. కులపంచాయతీలను ఒక క్రమంలోకి తెచ్చి, తగవులను అక్కడనే తీర్చుకొనే ఏర్పాటు చేయించినారు. బాల్యవివాహాలను మాన్పించుటకు కూడ ఇదే మార్గం. బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా శాసనం వచ్చినది. ఇక్కడ అది చెల్లదు. కావున శాసనం లేని చోట పంచాయతీ, పంచాయతీ వినని చోట హరికథ.

కులాన్ని, స్త్రీని కలిపి ఆలోచించుట ఆయనతోనే పుట్టినదని కాదు. పూనాలో జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1848లోనే బాలికల బడి పెట్టినారు. 1873లో ఫూలే వ్రాసిన ‘గులాంగిరి’ అమెరికాలో నల్లజాతివారి దాస్య విమోచనకు పాటుపడిన ప్రజలకు అంకితమైనది. పూనా శూద్రుని బాధకు, సముద్రాల కవతల బానిస బాధకు చుట్టరికం చూచిన ఆ దృష్టి ఆ కాలానికి అపురూపమైనది.

జాతుల ఊసు వచ్చినది గనుక బెజవాడ సంగతి చెప్పవలెను. 1917 నవంబరులో అక్కడ ఆంధ్రదేశ ప్రథమ పంచమ మహాసభ సమకూడినది. అధ్యక్షుడుగా హైదరాబాదు నుండి భాగ్యరెడ్డి వర్మను పిలిచినారు. ఆయన అధ్యక్షపీఠం నుండి మొదట ఖండించినది సభ పేరునే. వర్ణాలు నాలుగే గదా, ఈ అయిదవది ఏ శాస్త్రంలోనిది? ఇది బయటివారు అంటగట్టిన పేరు. మేము ఈ నేలకు ఆదివాసులము, కావున ఆది ఆంధ్రులము అని ఆయన వాదన సారాంశం. సభ అంగీకరించినది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసినది. అయిదేండ్లకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడ పాత పేర్లు విడిచి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పదాలను స్వీకరించినది. 1917 డిసెంబరులో కలకత్తాలో గాంధీజీ సమక్షంలో కూడ ఆయన అస్పృశ్యతపై ప్రసంగించినారు.

ఆర్యులు, ఆదివాసులు అనే జాతి సిద్ధాంతం ఐరోపా పండితులు తెచ్చినది. నేటి చరిత్రకారులు దానిని అంత సులభంగా ఒప్పుకొనరు. కులాలను రక్తభేదంతో కొలుచుట సాధ్యం కాదని అంబేడ్కరు కూడ తరువాత వాదించినారు. కాని వర్మగారు ఆ సిద్ధాంతాన్ని శాస్త్రంగా కంటె ఊతకర్రగా పట్టుకొన్నారని నాకు తోస్తుంది. నీవు పాపం చేసి ఈ పుట్టుక పుట్టినావు అని చెప్పేవారికి, నీవు ఒకనాడు ఏలినవాడవు అని చెప్పేవారికి ఎంత తేడా! మొదటి మాట వినువాడు తల వంచుతాడు. రెండవది విన్నవాడు బిడ్డను బడికి పంపుతాడు.

1922 నాటికి మాన్యసంఘం ఆది హిందూ సాంఘిక సేవాసంఘంగా మారినది. ఆ తరువాతి ముఖ్య ఘట్టం మా జిల్లాకు ఉత్తరాన, దూరం కాని జోగిపేటలో జరిగినది. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన అక్కడ ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ. వర్మగారు సభకు వచ్చినారు. అంటరానివాడు తమతో సమానంగా వేదికపై నిలిచి మాట్లాడుట సనాతనులకు రుచించలేదు. ఆయన మాట్లాడకుండ మాత్రం ఆపలేకపోయినారు. ఒకే ఊరిలో, ఒకే పందిళ్ళ కింద, వేదిక మీద నిలుచుటకు అంతవరకు హక్కులేని ఇద్దరు, స్త్రీ, మాల, నిలిచినారు. అయితే ఆ రెండు సభలలోను జోగిని మాత్రం లేదు. ఆమె పక్షాన మాట్లాడినవారున్నారు గాని ఆమెను మాట్లాడనిచ్చినవారు లేరు. ఈ లోపం వర్మగారి ఉద్యమానికీ తప్పలేదు. ఆ సంఘాల ముఖ్య నాయకులుగా మనకు తెలిసినవారందరు పురుషులే.

మరియొక చిక్కు కూడ కలదు. మాల మాదిగల నడుమ ఉన్న దూరం ఉద్యమంలోను ప్రవేశించినది. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు మొదలైనవారు తమ తమ త్రోవలలో పనిచేసినారు. ఒక పేరు క్రింద అందరిని చేర్చవలెననుకొన్న మనిషికి ఇది బాధాకరమే. ఆయన 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక నెలకొల్పి అందులో ‘వెట్టి మాదిగ’ అనే నవలను ప్రకటించుట ఆ దూరాన్ని తగ్గించుటకేనేమో అనిపిస్తుంది. మాలవాడలో పుట్టినవాడు మాదిగవాని వెట్టిచాకిరిని కథావస్తువుగా గ్రహించుట నాటికి చిన్న విషయం కాదు.

1930 సెప్టెంబరులో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభ, రౌండు టేబులు సమావేశానికి అంబేడ్కరును ప్రతినిధిగా బలపరచినది. వర్మగారు అందులో ముఖ్యులు. 1931 జనాభా లెక్కలలో నిజాం ప్రభుత్వం ఆది హిందువులు అనే పేరుతో తమవారిని నమోదు చేయించుటకు అంగీకరించినది. పేరు కోసం పాతికేండ్ల పోరాటం ప్రభుత్వ కాగితానికి ఎక్కినది.

మతం విషయంలో ఆయన దారి విలక్షణం. వికారాబాదులో అమెరికను మెథడిస్టు మిషను వారు బడులు, చర్చి పెట్టినారు. ఈ ప్రాంతపు మాల మాదిగలు చాలామంది క్రైస్తవులైనారు. ఆర్యసమాజం వారు శుద్ధి చేసి హిందువులలో నిలుపజూచినారు. వర్మగారు ఆర్యసమాజపు స్నేహం విడువలేదు గాని, 1913 నాటికే బుద్ధ జయంతి జరిపించినారు. తుదిదాక బుద్ధుని పట్ల ఆ మక్కువ తగ్గలేదు. అంబేడ్కరు బౌద్ధం స్వీకరించుటకు అది నలుబది మూడేండ్ల ముందుమాట.

ఆయన 1939 ఫిబ్రవరి 18న, ఏబది ఒకటవ ఏట కన్నుమూసినారు. చాదర్‌ఘాటులో ఆయన కట్టించిన ఆది హిందూ భవనం నిలిచినది. ఆయన పేరిట బాలికల పాఠశాల వెలసినది. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేయుటకు 1988 దాక ఆగవలసి వచ్చినది. నిజామాబాదు జిల్లా వర్నిలో హేమలతా లవణం జోగినుల పునరావాసానికి పూనుకొన్నదీ ఆ కాలంలోనే. ఆ చట్టం వచ్చిన పిమ్మట కూడ తాండూరు వైపు గ్రామాలలో ముసలి జోగినులు కొందరు కనిపించేవారు. వారి పిల్లలలో బడికి వచ్చినవారికి తండ్రి పేరు గడిలో తల్లి పేరు వ్రాసిన పంతుళ్ళు కొందరున్నారు.