మట్టిలో దాగిన మృత్యుబీజం

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్టభూములలో గొర్రెల మంద అనేక కుటుంబాలకు ఆస్తి, ఆసరా. ఆ ఉన్నిని వడికి గొంగళ్లు నేసిన పల్లెలు అక్కడ ఎన్నో ఉన్నాయి. మందను నమ్ముకొన్న గొల్ల కురుమలు భయపడే జబ్బులలో దొమ్మ ఒకటి. సాయంకాలం వరకు మేసిన గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కు నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతూ ఉంటుంది. ఆధునిక వైద్యం దీనిని ఆంథ్రాక్స్ అంటుంది. చచ్చిన జీవాన్ని కోసినవారికి, దాని తోలును, ఉన్నిని ముట్టినవారికి కూడా ఇది సోకుతుంది. ఒకసారి మందను పొట్టనబెట్టుకొన్న బీడు ఏళ్లు గడచిన తరువాత కూడా మరొక మందను బలిగొనగలదు. ఫ్రాన్సు రైతులు అటువంటి బీళ్లను శాపగ్రస్త భూములని పిలిచేవారు. ఆ శాపం గుట్టు విప్పినవాడు రాబర్ట్ కోచ్ అనే చిన్న పట్టణపు వైద్యుడు.

కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీలోని క్లౌస్టాల్ అనే గనుల పట్టణంలో జన్మించాడు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో 1866లో వైద్యపట్టం పొందాడు. 1872లో, నేడు పోలండులో ఉన్న వోల్‌స్టైన్‌కు జిల్లా వైద్యాధికారిగా వెళ్లాడు. అక్కడ ప్రయోగశాల లేదు. చర్చించడానికి తోటి శాస్త్రజ్ఞుడు లేడు. రోగులను చూసే గదిలోనే ఒక మూలను తెరతో వేరుచేసి, సూక్ష్మదర్శినిని అమర్చుకొన్నాడు.

దొమ్మతో చచ్చిన పశువుల నెత్తుటిలో సన్నని కడ్డీల వంటి జీవులుంటాయని అప్పటికే తెలుసు. అయితే ఎండిన నెత్తుటిలో అవి కొద్ది వారాలకు మించి బతకవు. మరి బీడులో ఏళ్ల తరబడి నిలిచేది ఏది? కోచ్ ఎద్దు కంటిలోని స్వచ్ఛమైన ద్రవపు చుక్కలో ఆ కడ్డీలను ఉంచి, వెచ్చదనం తగ్గకుండా చూస్తూ, గంటల తరబడి పరిశీలించాడు. కడ్డీలు పొడవైన దారాలుగా సాగాయి. దారాలలో మెరిసే పూసలు ఏర్పడ్డాయి. చివరకు దారాలు కరగిపోయి పూసలు మాత్రమే మిగిలాయి. వాటిని ఎండబెట్టి, మళ్లీ ద్రవం అందించగా కొత్త కడ్డీలు మొలిచాయి. ఆ పూసలను ఎక్కించిన చిట్టెలుకలు అదే రోగంతో మరణించాయి. అవే సిద్ధబీజాలు. 1876లో కోచ్ బ్రెస్లౌ నగరానికి వెళ్లి, వృక్షశాస్త్ర ఆచార్యుడు ఫెర్డినాండ్ కోన్ ఎదుట ఈ ప్రయోగాలను చేసి చూపాడు. కోన్ ఆ పరిశోధనను అదే సంవత్సరం తన పత్రికలో ప్రచురించాడు.

సిద్ధబీజం ఏర్పడాలంటే గాలి తగలాలి. కోయని కళేబరంలో గాలి ఉండదు గనుక, కుళ్లుతో పాటే కడ్డీలు నశిస్తాయి. కోస్తే నేలపాలైన నెత్తుటిలో కోట్ల బీజాలు తయారవుతాయి. అందుకే దొమ్మతో చచ్చిన జీవాన్ని కోయరాదని పశువైద్యులు పట్టుబడతారు. అసలే మంద పోయిన ఇంటివారికి ఆ మాంసాన్ని, తోలును వదులుకోవడం తేలిక కాదు.

కోచ్ 1882లో క్షయ క్రిమిని కనుగొన్నాడు. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని పరిశోధించాడు. 1890లో క్షయకు మందుగా ప్రకటించిన ట్యూబర్క్యులిన్ మాత్రం విఫలమై ఆయన కీర్తికి మచ్చ తెచ్చింది. 1905లో నోబెల్ బహుమతి లభించింది. 1910 మే 27న మరణించాడు.

ఆ పూసల పైపొర ఎట్టిదో ఆయన సూక్ష్మదర్శినికి అందలేదు. తల్లికణం తాను నశించేలోగా, తన కడుపులోని బీజానికి ప్రోటీన్లతో కవచం అల్లుతుందని తరువాతి శాస్త్రజ్ఞులు గుర్తించారు. దొమ్మ క్రిమికి దగ్గరి చుట్టమైన బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఈ కవచానికి సుమారు 70 రకాల ప్రోటీన్లు పనిచేస్తాయి. మొదట 26 అమైనో ఆమ్లాలు మాత్రమే గల ఒక చిన్న ప్రోటీను బీజపు ఉబ్బెత్తు ఉపరితలాన్ని గుర్తించి అంటుకొంటుంది. దానిని ఆధారం చేసుకొని మరొక ప్రోటీను పునాదిగా పరచుకొంటుంది. తక్కినవి దానిపై వరుసగా చేరుతాయి. దొమ్మ క్రిమికి వీటికి వెలుపల వదులైన సంచి వంటి మరొక పొర ఉంటుంది. అందులోని ప్రోటీన్లు తమంత తామే తేనెపట్టు గదుల వలె అమరుతాయి. వాటిపై నూగు వంటి వెంట్రుకలు నిలుస్తాయి. బీజం వేడిని తట్టుకొనడానికి ప్రధాన కారణం దాని గర్భం పొడిబారి ఉండడం. రసాయనాలను, ఎంజైములను అడ్డుకొనేది ఈ కవచమే.

దొమ్మ రాకుండా గొర్రెలకు వేసే టీకాలో ఉండేవి కూడా సజీవ సిద్ధబీజాలే. అయితే అవి రోగశక్తిని చాలవరకు కోల్పోయిన రకానివి.